యాక్సిడెంట్ తర్వాత వదలని భయం: ఆన్‌లైన్ చికిత్సతో తగ్గుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 31 ఏళ్ళు, జనగామ వైపు స్కూల్లో టీచర్. ఎనిమిది నెలల కింద మీవారి బండి మీద వస్తుంటే పెంబర్తి దాటాక హైవే మీద లారీ తగిలింది. ఇద్దరికీ దెబ్బలు మానాయి. కానీ ఇప్పటికీ లారీ హారన్ వింటే మీకు ఒళ్ళంతా చెమటలు, తెల్లవారుజామున మూడింటికి మెలకువ, గుండె దడ. మూడుసార్లు ఈసీజీ, ఒకసారి టూడీ ఎకో తీశారు, అన్నీ నార్మల్. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు నరాల బలహీనత అన్నారు, అత్తగారు తాయెత్తు కట్టించారు. ఇప్పుడు హైవే తప్పించుకుని పల్లెల మీదుగా రోజూ గంట ఎక్కువ తిరిగి స్కూలుకు వెళ్తున్నారు. 99 రూపాయలకు మొదటి సెషన్ అని ఒక యాప్ ప్రకటన చూసి, ‘ఇలా ఫోన్‌లో మాట్లాడితే నిజంగా తగ్గుతుందా, డబ్బు దండగేనా’ అని అడిగారు. ఇంటి నిండా మనుషులు, ఎక్కడ కూర్చుని మాట్లాడాలి అన్నది రెండో ప్రశ్న. అమెరికాలో ఉన్న తమ్ముడు దిగులుగా ఉంటున్నాడు, వాణ్ణి కూడా ఇక్కడి వాళ్ళతో మాట్లాడించొచ్చా అన్నది మూడోది.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. 14 ఏళ్ళుగా ఇదే పని. ఇప్పుడు నా సెషన్లలో సగానికి పైగా వీడియోలోనే. కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: తగ్గుతుంది. కాకపోతే మాట్లాడినందుకు కాదు. చికిత్స చేస్తే తగ్గుతుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియకే మనవాళ్ళు చాలామంది నాలుగు సెషన్లు డబ్బు కట్టి ‘ఏం లాభం లేదు’ అని వదిలేస్తారు.

నిజం చెప్పాలంటే 2020 దాకా నాకూ వీడియో మీద నమ్మకం లేదు. మనిషి ఎదురుగా ఉంటే కాళ్ళు ఊపడం, చీర కొంగు నలపడం కనిపిస్తుంది. స్క్రీన్ మీద ముఖం తప్ప ఏముంటుంది అనుకునేదాన్ని. డాక్టర్లు వీడియోలో, ఫోన్‌లో వైద్యం చేయడానికి కేంద్రం ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి, సరిగ్గా లాక్‌డౌన్ మొదలైన రోజు. మాలాంటి వాళ్ళం కూడా వేరే దారి లేక ఆ వారమే మొదలుపెట్టాం. నా అభిప్రాయం మార్చింది ఒకావిడ (వివరాలు మార్చి చెప్తున్నాను). గ్యాస్ స్టవ్ ఆపానా లేదా అని రాత్రి ఇరవైసార్లు లేచి చూసుకునే సమస్య ఆమెది. క్లినిక్‌లో ఆర్నెల్లు మేమిద్దరం ఎదురుగా లేని స్టవ్ గురించి మాట్లాడుకున్నాం. వీడియోలోకి వచ్చాక ఆ స్టవ్వే ఎదురుగా ఉంది. ‘ఆపేయండి, వంటింట్లోంచి బయటికి రండి, ఫోన్ నా వైపు తిప్పండి, వెనక్కి చూడకండి’ అన్నాను. ఆరు వారాల్లో జరిగిన మార్పు ఆర్నెల్లలో జరగలేదు. భయం ఉండేది నా క్లినిక్‌లో కాదు, వాళ్ళింట్లో. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు అన్నేళ్ళు పట్టింది.

మీ కేసులో ఇంకో తమాషా ఉంది. మీరు హైదరాబాద్ వచ్చి చూపించుకోవాలంటే వరంగల్ హైవే మీదే రావాలి. అంటే దేనికి భయపడుతున్నారో అది దాటితే గానీ ఆ భయానికి మందు దొరకదు. ఎనిమిది నెలలుగా మీరు మాలాంటి వాళ్ళ దగ్గరికి వెళ్ళకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక్కడ కూర్చుని మీకు జబ్బు పేరు పెట్టలేను, పెట్టకూడదు. కానీ మీరు రాసినవి ఒకచోట చేర్చితే (అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళముందు రావడం, ఆ దారి తప్పించుకోవడం, ఉలికిపాటు, నిద్ర చెడటం, పిల్లలతో కూడా మనసు కలవకపోవడం, ఇవన్నీ నెల దాటి నెలలకొద్దీ ఉండటం) ముందుగా పీటీఎస్‌డీ ఉందేమో చూడాలనిపిస్తుంది. అంటే పెద్ద ప్రమాదం తర్వాత మెదడు ‘ఇంకా అయిపోలేదు’ అనుకుంటూ అలారం మోగిస్తూనే ఉండటం. ఇది పిరికితనమూ కాదు, నరాల బలహీనతా కాదు. మీరు పల్లెదారిన తిరిగి వెళ్ళిన ప్రతిరోజూ ఆ అలారం ‘చూశావా, హైవే ఎక్కలేదు కాబట్టే బతికావు’ అని గట్టిపడుతోంది. మీ జాగ్రత్తే భయానికి తిండి పెడుతోంది.

దీనికి పనిచేసే చికిత్స ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు ఎవరి దగ్గరికి వెళ్ళినా మీరు పోల్చి చూసుకోవాలి. పద్ధతులు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. నేను ఎక్కువగా చేసేది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్. మామూలుగా వారానికోసారి గంటన్నర చొప్పున 8 నుంచి 15 సెషన్లు. ఇందులో రెండు పనులుంటాయి. ఒకటి, ఆ రోజు జరిగింది కళ్ళు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మొదటి నుంచి చివరిదాకా చెప్పడం. ‘లారీ లైట్లు పడుతున్నాయి, ఆయన బండి పక్కకు తిప్పుతున్నారు’ అలా. అది రికార్డు చేసుకుని ఇంట్లో రోజూ వినాలి. మొదటివారం ఏడుస్తారు. మూడో వారానికి ‘ఈ ముక్క దగ్గర బోర్ కొడుతోంది మేడం’ అంటారు. ఆ బోర్ కోసమే ఈ తంటా అంతా.

ఇక్కడ ఒకమాట. ఇంగ్లిష్ వచ్చిన వాళ్ళు తెలుగులో మొదలుపెట్టి సరిగ్గా ఘోరమైన చోటికి రాగానే ఇంగ్లిష్‌లోకి జారుకుంటారు. ‘దెన్ ఇట్ హాపెన్డ్’ అనేసి దాటేస్తారు. వెనక్కి తెచ్చి తెలుగులో చెప్పమంటే అప్పుడు గొంతు పూడుకుపోతుంది. జ్ఞాపకం ఏ భాషలో ఉందో చికిత్స కూడా ఆ భాషలోనే జరగాలి. పక్క ఊళ్ళో తెలుగు వచ్చిన నిపుణులు లేకపోతే నూట యాభై కిలోమీటర్ల అవతల ఉన్న వాళ్ళతో అయినా తెలుగులోనే చేయండి. ఆన్‌లైన్ వల్ల నాకు కనిపించే పెద్ద ఉపకారం ఇదే.

రెండో పని, తప్పించుకుంటున్న వాటి దగ్గరికి మెట్టుమెట్టుగా వెళ్ళడం. మీకైతే మొదటి మెట్టు ఇంటి ముందు ఆపిన బండి మీద పది నిమిషాలు కూర్చోవడం కావచ్చు. తర్వాత వీధిలో ఒక చుట్టు, తర్వాత బజారు దాకా, తర్వాత పగలు హైవే మీద ఆటోలో కొంత దూరం, తర్వాత బండి మీద. పెంబర్తి దాటాక ఆ చోట దిగి నిలబడటం చివరి మెట్లలో వస్తుంది. ప్రతి మెట్టుకీ భయం ఎంతో అంకె వేయమంటాం, సున్నా నుంచి వంద. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళకు ఈ వంద గోల పట్టదు. ‘రూపాయిలో ఎంత’ అని అడుగుతాను. ‘బారాణా ఉందమ్మా’ అంటారు. బారాణా భయం ఆఠాణాకు దిగేదాకా అక్కడే ఉండాలి, మధ్యలో పారిపోకూడదు. అప్పుడు నేను మీ చెవిలో ఇయర్‌ఫోన్‌లో ఉంటాను. క్లినిక్‌లో కూర్చున్న నేను మీతో పాటు రోడ్డు మీదికి రాలేను కదా, ఫోన్‌లో రాగలను. కాకపోతే బండి మీరే నడుపుతుంటే మాత్రం ఫోన్ వద్దు.

ఇదంతా నా ఒక్కదాని అనుభవం అయితే మీరు నమ్మక్కర్లేదు. అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఆస్పత్రులు దూరప్రాంతాల వాళ్ళ కోసం ఇదే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌ని వీడియోలో చేసి, గదిలో చేసిన దానితో పోల్చి చూశాయి. వీడియో వెనకబడలేదు. బ్రిటన్‌లో 2022లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో వచ్చిన ‘ర్యాపిడ్’ అన్న పరిశోధన మీకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఒకే ఒక్క సంఘటన వల్ల మరీ తీవ్రం కాని పీటీఎస్‌డీ వచ్చిన 196 మందిని తీసుకున్నారు. కొందరికి ఎదురుగా కూర్చోబెట్టి 12 సెషన్ల దాకా చికిత్స. మిగతావాళ్ళకు స్ప్రింగ్ అనే ఎనిమిది మెట్ల ఆన్‌లైన్ కోర్సు, దానితోపాటు థెరపిస్టు సాయం మొత్తం మీద మూడు గంటలు. 16 వారాలకు చూస్తే ఆన్‌లైన్ వాళ్ళు తక్కువేమీ కాలేదు.

ఆ ‘థెరపిస్టు సాయం’ అన్న మాట దగ్గర ఆగండి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్‌లో ఇంటర్నెట్‌లో నడిచే సైకియాట్రీ క్లినిక్ ఉంది. ఆస్ట్రేలియాలో మైండ్‌స్పాట్ అని అలాంటిదే ఇంకొకటి ఉంది. పానిక్ (హఠాత్తుగా ముంచెత్తే భయం), సోషల్ యాంగ్జయిటీ (నలుగురిలో భయం), డిప్రెషన్‌కు అక్కడ వారానికో పాఠం, దానికో హోంవర్క్, దాన్ని చదివి జవాబు రాసే మనిషి ఒకరు ఉంటారు. జవాబు రాసే ఆ మనిషి వారానికి పది పదిహేను నిమిషాలు పెట్టినా చాలామంది చివరిదాకా నిలబడతారు. ఆ మనిషిని తీసేస్తే మధ్యలో వదిలేసే వాళ్ళే ఎక్కువ. 2021లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో డిప్రెషన్ మీద వచ్చిన పెద్ద విశ్లేషణలోనూ అంతే: తేలికపాటి వాళ్ళకు తోడు ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు, మధ్యస్థం, ఆపైన ఉన్నవాళ్ళకు తోడు ఉంటేనే ఎక్కువ మేలు. ఆ కోర్సులు ఇంగ్లిష్‌లోనో స్వీడిష్‌లోనో ఉంటాయి కాబట్టి మనకు దారి వీడియోలో తెలుగు మనిషే. పీటీఎస్‌డీ కోచ్ అని అమెరికా మాజీ సైనికుల శాఖ 2011లో తెచ్చిన ఉచిత యాప్ ఒకటుంది, ఇంగ్లిష్ ఇబ్బంది లేకపోతే పెట్టుకోండి. అది ఊరగాయ లాంటిది. అన్నం మాత్రం వేరే వండుకోవాలి. ఎప్పుడుబడితే అప్పుడు జవాబిచ్చే చాట్‌బాట్లనూ నేను ఆ లెక్కలోనే వేస్తాను. అర్ధరాత్రి కాస్త ఊరట ఇస్తాయేమో గానీ, ‘నిన్న బండి ఎక్కావా’ అని అడిగి, అబద్ధం చెప్తే పట్టుకునేది మనిషే.

ఇక ఆ 99 రూపాయల సంగతి. నేనూ ఒక కంపెనీ ప్లాట్‌ఫామ్‌లో ఏడాది పనిచేశాను. అరగంట స్లాట్లు, ఈ వారం నేను, వచ్చే వారం ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. ప్రతిసారీ పేషెంటు తన కథ మొదటి నుంచి చెప్పుకోవాలి. అరగంటలో ప్రమాదం జ్ఞాపకాన్ని తెరిచి, మనిషిని మళ్ళీ కుదుటపరిచి పంపడం నా వల్ల కాలేదు, మానేశాను. అన్ని యాప్‌లూ అలాగే ఉంటాయని కాదు. చవక అయినంత మాత్రాన చెడ్డదనీ కాదు. కానీ చారాణా కోడికి బారాణా మసాలా అన్నట్టు ప్రకటనలకు పెట్టిన డబ్బు థెరపిస్టుకు పెట్టని చోట్లు ఉన్నాయి. కట్టే ముందు అడగండి: ప్రతివారం ఒకరే చూస్తారా? యాక్సిడెంట్ తర్వాతి సమస్యకు మీరు వాడే పద్ధతి పేరేంటి? సెషన్‌కూ సెషన్‌కూ మధ్య నేను చేయాల్సిన పని ఏమన్నా ఇస్తారా? తగ్గుతోందో లేదో దేనితో కొలుస్తారు? ఆఖరి రెండింటికి నీళ్ళు నమిలితే ఫోన్ పెట్టేయండి. కొలవడం అంటే పెద్ద యంత్రమేమీ కాదు. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నలు, ఆందోళనకు గాడ్-7 అని ఏడు, పీటీఎస్‌డీకి పీసీఎల్-5 అని ఇరవై. అయిదారు వారాలకు అంకె కదలకపోతే నేనే పద్ధతి మారుస్తాను, లేకపోతే వేరే వాళ్ళ దగ్గరికి పంపుతాను.

మనిషి అర్హత కూడా చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగం చదివిన డాక్టరు. మందులు రాసేది వాళ్ళే, మేం రాయకూడదు. ‘కౌన్సెలర్’, ‘మైండ్ కోచ్’ అన్న బోర్డు మాత్రం ఎవరైనా పెట్టుకుంటున్నారు. అలాగని డిగ్రీ లేనివాళ్ళతో ఏమీ కాదనీ అనను. గోవాలో సంగత్ సంస్థ మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో డిప్రెషన్ తగ్గించి చూపించింది, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళు చేయించింది చాలా సాదా పని: మానేసిన పనుల్ని చిన్నచిన్న ముక్కలుగా రోజువారీ బతుకులోకి తిరిగి తేవడం, మనసు బాగయ్యేదాకా ఆగకుండా. కానీ వాళ్ళ వెనక ఒక పద్ధతి ఉంది, తప్పు దిద్దే వాళ్ళున్నారు. బోర్డు కంటే అది ముఖ్యం.

మందుల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. సెర్ట్రలిన్ లాంటి డిప్రెషన్ మందులు పీటీఎస్‌డీకి పనికొస్తాయి, సైకియాట్రిస్టు చూసి రాయాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు, అల్ప్రాజొలామ్ లాంటివి, ఈ సమస్యకు వద్దనే మార్గదర్శకాలు చెప్తున్నాయి. మీవాళ్ళలో ఎవరన్నా ఇచ్చి, రోజూ వేసుకుంటూ ఉంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్ని అడిగి మెల్లగా తగ్గించండి.

కొందరికి ఆన్‌లైన్ వద్దని నేనే చెప్తాను. చనిపోవాలన్న ఆలోచన బలంగా ఉండి, దానికి దారి కూడా చూసుకున్నవాళ్ళు, లేని గొంతులు వినిపిస్తున్నవాళ్ళు, తాగుడు అదుపులో లేనివాళ్ళు, కొట్టే మనిషి అదే ఇంట్లో ఉన్నవాళ్ళు. వీళ్ళకు ముందు ఆస్పత్రి, ఎదురుగా మనిషి, లేదా భద్రమైన చోటు కావాలి. మిగతావాళ్ళతోనూ మొదటి కాల్‌లోనే నేను పూర్తి అడ్రసు, పదినిమిషాల్లో చేరగలిగే ఒకరి నంబరు రాసుకుంటాను. మీ థెరపిస్టు అవి అడగకపోతే కాస్త అనుమానించండి. జ్ఞాపకం చెప్తుండగా సిగ్నల్ పోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి. నా దగ్గర రూలు: నిమిషంలోపు నేనే మామూలు కాల్ చేస్తాను, మీరు కళ్ళు తెరిచి నీళ్ళు తాగి కూర్చోండి.

ఎక్కడ కూర్చోవాలి అన్నారు. నా పేషెంట్లు కూర్చున్న చోట్లు: డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక, ఆపిన కారులో, స్కూలు వదిలాక ఖాళీ క్లాస్‌రూములో, పక్కింటి అక్క వాళ్ళ పూజగదిలో. మీకు స్కూలే నయమనిపిస్తుంది, శనివారం మధ్యాహ్నం. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే నా మాటలు ఎవరికీ వినపడవు, మీ మాటలకే చాటు కావాలి. తలుపు బయట ఫ్యాన్ పెట్టి తిప్పినా చాలావరకు దాగుతుంది. ఎవరన్నా హఠాత్తుగా వస్తే అనడానికి ఒక మాట అనుకుంటాం. ఒకావిడ ‘గ్యాస్ బుక్ చేయాలి’ అనేది, నేను వెంటనే పిల్లల చదువు గురించి మొదలుపెట్టేదాన్ని. ఇక అత్తగారితో దాపరికం ఎందుకు అనిపిస్తే, ‘యాక్సిడెంట్ భయం పోవడానికి డాక్టరమ్మతో మాట్లాడుతున్నా’ అంటే చాలు. తాయెత్తు కట్టించిన మనిషి మీ భయాన్ని నిజమని నమ్మినట్టే కదా, ‘నీకేం కాలేదు, ఊరికే అంటున్నావు’ అనేవాళ్ళ కంటే ఆవిడే మీకు పనికొస్తారు. తాయెత్తు తీయక్కర్లేదు. మీవారు మొదటి సెషన్ చివర పది నిమిషాలు కూర్చుంటే మంచిది. ఆ రోజు బండి నడిపింది ఆయనే. ఆయన కూడా ఏదో మోస్తూ ఉండొచ్చు.

ఖర్చు పెట్టే ముందు ఒక ఫోన్ చేయండి: 14416. టెలీమానస్, కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత లైను, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వారం వారం జరిగే పూర్తి చికిత్స అక్కడ దొరుకుతుందని వెళ్ళకండి, నిరాశ పడతారు. కానీ మీ లక్షణాలు విని, అవసరమైతే సైకియాట్రిస్టుతో మాట్లాడించి, మీ జిల్లాలో ఎక్కడ చూపించుకోవచ్చో చెప్పగలరు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి ఊపిరాడనట్టు ఉన్నప్పుడు కూడా అదే నంబరు.

తమ్ముడి విషయం. అక్కడి నియమం ఏమిటంటే పేషెంటు ఏ రాష్ట్రంలో కూర్చుని ఉన్నాడో ఆ రాష్ట్రంలో లైసెన్సో, అక్కడ చికిత్స చేసే అనుమతో ఉన్నవాళ్ళే చేయాలి. టెక్సస్‌లో ఉంటే టెక్సస్‌ది. అందుకే నేను అమెరికాలో ఉన్నవాళ్ళను తీసుకోను. ఏదన్నా అత్యవసరమైతే అక్కడ ఎవరికి ఫోన్ చేయాలో కూడా నాకు తెలియదు. చదువుకుంటుంటే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్ళమనండి. ఉద్యోగమైతే కంపెనీ తరఫున కొన్ని సెషన్లు ఉచితంగా ఇచ్చే పథకం ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగమనండి. థెరపిస్టుల డైరెక్టరీల్లో భాష దగ్గర తెలుగు అని వెతకొచ్చు, అక్కడ లైసెన్సు తీసుకున్న మనవాళ్ళు ఉన్నారు. ‘వీసాకి ఏమన్నా అవుతుందా’ అని వాడు వెనకాడితే, థెరపిస్టుకు చెప్పింది గోప్యంగా ఉండాలన్నది అక్కడ చట్టమేనని చెప్పండి.

అంతకంటే ముందు మీరొకటి చేయండి. ‘ఎలా ఉన్నావురా’ అంటే ‘బానే ఉన్నా అక్కా’ అంటాడు. అలా కాకుండా నిద్ర ఎన్ని గంటలు, నిన్న ఏం తిన్నావు, చివరిసారి స్నేహితుల్ని ఎప్పుడు కలిశావు అని అడగండి. జవాబులు బాగోలేకపోతే, ‘చచ్చిపోవాలని ఎప్పుడన్నా అనిపిస్తోందా’ అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే కోప్పడకండి, ఏడవకండి, ఫోన్ పెట్టేయకండి. అక్కడ ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ళకు సాయం చేసే 988 నంబరు ఏ వేళైనా పలుకుతుంది. వాడి రూమ్మేట్ నంబరు కూడా ఇవాళే సంపాదించి పెట్టుకోండి. వాడికి రాత్రి తొమ్మిదప్పుడు కాల్ చేయండి, టెక్సస్ లాంటి చోటైతే మనకు పొద్దున ఏడున్నరో ఎనిమిదిన్నరో అవుతుంది. స్కూలుకు బయల్దేరే హడావుడి వేళే, అయినా ఆ టైముకే చేయండి. వాడు గదిలో ఒంటరిగా ఉండేది అప్పుడే.